ఇనుమా, స్టీలా? సముద్రపు ఒడ్డున మేడ మీది షెడ్డు గురించి ఒక సందేహం

ప్రశ్న (గోపాల్‌పూర్, గంజాం జిల్లా):
సభ్యులకు నమస్కారం. సముద్రానికి సుమారు మూడు వందల మీటర్ల దూరంలో ఉన్న మా మేడ మీద రేకుల షెడ్డు, బయటి మెట్లకు రైలింగు వేయించదలచాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఇక్కడే తీరం దాటిన రాత్రి మా పాత షెడ్డు కూలిపోయింది. తెల్లవారి చూస్తే రేకులకు పెద్దగా ఏమీ కాలేదు, స్తంభాల అడుగులే తుప్పు తిని విరిగాయి. ఇప్పుడు బరంపురం మేస్త్రి ఒకరు షెడ్డంతా స్టీలు గొట్టాలతో చేయమంటున్నారు. ఇనుము కంటే స్టీలు బలం కనుక మందం తగ్గించి ఖర్చు సర్దుతాననీ, అది జన్మలో తుప్పు పట్టదనీ ఆయన మాట. ఇది ఎంతవరకు నిజం?

జవాబు (పర్లాకిమిడి, విశ్రాంత ఇంజనీరు):
అయ్యా, ముందు మాటల చిక్కు విప్పుకుందాం. మనం ఇనుము అనేదీ, ఇక్కడి కొట్లలో ఒడియావారు లుహా అనేదీ నిజానికి మైల్డ్ స్టీలు, అంటే కొద్దిగా కర్బనం ఉన్న ఉక్కే. గిన్నెల వాడుక వల్ల స్టీలు అనే పేరు మాత్రం స్టెయిన్‌లెస్ ఉక్కుకు స్థిరపడిపోయింది. కట్టడాలకు వాడే మామూలు ఉక్కు ఐ.ఎస్. 2062 అనే భారతీయ ప్రమాణంలోని ఈ250 రకం. ఇరవై మిల్లీమీటర్ల లోపు మందంలో అది 250 మెగాపాస్కల్స్ (ఒత్తిడికి కొలమానం) వరకు శాశ్వత వంపు పడకుండా నిలుస్తుంది. స్టెయిన్‌లెస్ 304 రకానికి ఆ కనీస హద్దు 205 మాత్రమే. తెగిపోయే దశకు వచ్చేసరికి 304దే పైచేయి (410కి బదులు 515), కానీ షెడ్డు అంతదాకా వెళ్లకముందే వంగి పనికిరాకుండా పోతుంది. బిగువు, అంటే బరువుకు ఊగకుండా, సాగకుండా ఆనే గుణం, రెండింటిలోనూ దాదాపు ఒకటే కనుక, స్టీలు పేరు చెప్పి గొట్టం మందం తగ్గిస్తే గాలికి ఊగేది ఎక్కువవుతుంది. ఆ సలహాను మాత్రం దయచేసి పాటించకండి.

ఇక తుప్పు సంగతి. ఉక్కులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉంటే, పైన కంటికి కనపడనంత పలుచని ఆక్సైడు పొర ఏర్పడి, గీసుకుపోయినా గాలి తగలగానే మళ్లీ కట్టుకుంటుంది. (ఆ క్రోమియం ఖనిజం దేశంలో దాదాపు అంతా మన ఒడిశాలోని సుకింద లోయదే.) అయితే ఉప్పులోని క్లోరైడు ఆ పొరను చుక్కలు చుక్కలుగా పొడిచి, లోపలికి సన్నని గుంతలు చేస్తుంది. పద్దెనిమిది శాతం క్రోమియం, ఎనిమిది శాతం నికెల్ ఉన్న 304 మీ ఊరి గాలికి గోధుమరంగు మరకలు పడక మానదు. రెండు మూడు శాతం మాలిబ్డినం కలిసిన 316 చాలా మెరుగు. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 202 రకం చవక, కానీ సముద్రపు ఒడ్డుకు అది తగదు.

నా అభిప్రాయం ఇది: షెడ్డు ఇనుముతోనే చేయించి, వెల్డింగు, రంధ్రాలు అన్నీ పూర్తయ్యాక ముక్కలను కరిగిన జింకులో ముంచే గాల్వనైజింగు చేయించి, మేడ మీద బోల్టులతో బిగించండి. అంతకంటే ముందు స్తంభాల అడుగు పళ్లేలను శ్లాబు మీద నేరుగా ఉంచక చిన్న కాంక్రీటు దిమ్మె మీదకు ఎత్తండి. మీ పాత షెడ్డు విరిగింది నీరు నిలిచిన ఆ చోటనే అయి ఉంటుంది. చేతులు తగిలే రైలింగు ఒక్కటీ 316తో చేయిస్తే చాలు.

ప్రశ్నించినవారు:
కృతజ్ఞతలు. మేస్త్రి అయస్కాంతం పెట్టి చూపించి, అంటుకోలేదు కనుక అసలైన 304 అన్నారు. ఆ పరీక్ష సరిపోతుందా?

జవాబు (పర్లాకిమిడి):
సరిపోదు. 202, 304, 316 మూడూ సాధారణంగా అయస్కాంతానికి అంటుకోవు. పైగా వంచినచోట మంచి 304 కూడా కొద్దిగా అంటుకుంటుంది. సరుకు మీది హీటు నంబరుతో (ఏ కరిగింపు విడతలోదో తెలిపే అంకెతో) సరిపోలే మిల్లు పరీక్ష పత్రం, అంటే తయారీ కర్మాగారం ఇచ్చే పత్రం, అడగండి.

మరో సభ్యుడు (రాయగడ, ఫాబ్రికేషన్ పని):
పెద్దలు చెప్పినదానికి పనివాడిగా కొంత కలుపుతాను. గాల్వనైజింగుకు పంపే గొట్టాలకు రెండు కొసల్లోనూ రంధ్రాలు తప్పనిసరి. మూసిన గొట్టాన్ని 450 డిగ్రీల జింకులో ముంచితే లోపలి తడి ఆవిరై పేలే ప్రమాదం ఉంది. 316 రైలింగుకు 316ఎల్ వెల్డింగు రాడ్డే వాడాలి. ఇనుమును స్టీలుకు అతకవలసివస్తే 309ఎల్ రాడ్డు కావాలి, కానీ ఉప్పుగాలిలో ఆ అతుకు దగ్గర ఇనుము త్వరగా తినిపోతుంది కనుక, మధ్యలో రబ్బరు లేదా నైలాన్ పెట్టి బోల్టు వేయడమే నయం. ఆ బోల్టు స్టెయిన్‌లెస్‌దే కావాలి. పెద్ద ఇనుప చట్రంలో చిన్న స్టీలు బోల్టు పరవాలేదు గాని, పెద్ద స్టీలు భాగంలో చిన్న ఇనుప బోల్టు వేస్తే తుప్పంతా దాని మీదే పడుతుంది. ఇనుము కోసిన గ్రైండింగు డిస్కును స్టీలుకు తగలనివ్వకండి. అంటుకున్న ఇనుప రజను తర్వాత తుప్పుచుక్కలుగా తేలుతుంది, నింద స్టీలు మీద పడుతుంది. ఎండకు కొంత సందు కూడా వదలాలి: నలభై డిగ్రీల తేడాకు ఆరు మీటర్ల ఇనుప గొట్టం సుమారు 3 మిల్లీమీటర్లు సాగితే, స్టీలుది 4 మిల్లీమీటర్ల వరకు సాగుతుంది.

ప్రశ్నించినవారు:
అలాగే చేయిస్తాను. రైలింగును ఎలా శుభ్రం చేయాలి?

జవాబు (రాయగడ):
పదిహేను రోజులకోసారి మంచినీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు నిలవదు. మెట్ల మీద టైల్సు కడిగే యాసిడ్ మాత్రం రైలింగు మీద చిందనివ్వకండి. అందులో ఉండేదీ ఆ క్లోరైడే.