ఆంగ్లంలోని ‘డాగ్’ ఎక్కడి మాట?

ప్రశ్న:

నేను ఉన్నత పాఠశాలలో ఆంగ్లం బోధిస్తాను. గత వారం పాఠంలో ‘హౌండ్’ అనే మాట వచ్చినప్పుడు, దానికీ మన ‘శ్వానం’ అనే సంస్కృత పదానికీ మూలం ఒక్కటేనని పిల్లలకు చెప్పాను. వెంటనే ఎనిమిదో తరగతి అమ్మాయి లేచి, ‘మరి డాగ్ ఎక్కడినుంచి వచ్చింది టీచర్?’ అని అడిగింది. ఇంటికి వచ్చి నిఘంటువు తిరగేస్తే, పాత ఆంగ్లంలో ‘డొగ్గ’ అనే రూపం ఉండేదనీ, దాని పుట్టుక తెలియదనీ మాత్రమే ఉంది. మాటలు నేర్చే పసిపిల్లల నోట కూడా పలికే ఇంత చిన్న పదానికి పుట్టుక తెలియకపోవడం ఎలా సాధ్యం? ఆ అమ్మాయికి నేను సరైన సమాధానం చెప్పాలి. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:

అమ్మా, హౌండ్ గురించి మీరు చెప్పినది సరైనదే. శతం–హండ్రెడ్, శృంగం–హార్న్, శ్వానం–హౌండ్ అనే జంటలను పక్కపక్కన పెట్టి చూడండి. సంస్కృతంలో శకారం ఉన్నచోట ఆంగ్లంలో హకారం వస్తుంది, లాటిన్‌లో కకారం వస్తుంది. అక్కడ నూరు కెంటుమ్, కొమ్ము కోర్నూ, కుక్క కానిస్. ఇంత క్రమం ఉన్నది కాబట్టే హౌండ్ వంశవృక్షాన్ని వేల ఏళ్ల వెనక్కి గీయగలిగారు. జర్మన్ ‘హుండ్’, డచ్ ‘హోండ్’ దాని తోబుట్టువులు.

డాగ్‌కు అలాంటి బంధువర్గం లేదు. ఫ్రెంచిలో ‘డోగ్’, జర్మన్‌లో ‘డోగ్గె’ ఉన్నాయి కానీ, అవి 16వ శతాబ్దంలో ఆంగ్లం నుంచే అరువు వెళ్లినవి, అదీ బలిష్ఠమైన పెద్ద కుక్కల జాతికి పేరుగా వెళ్లినవి. మనం గ్రేట్ డేన్ అనే జాతిని జర్మన్లు నేటికీ ‘డాయ్చె డోగ్గె’ అంటారు. పాత ఆంగ్లంలో కూడా ఈ మాట చాలా అరుదు; 11వ శతాబ్దంలో ప్రుడెంటియస్ అనే లాటిన్ కవి రచనల ప్రతిలో, ‘కుక్కల యొక్క’ అనే అర్థమిచ్చే లాటిన్ పదానికి అర్థంగా ఎవరో ‘డొగ్గెన’ అని రాసిపెట్టారు. పల్లెవాసుల నోట ఎంతగా నలిగిన మాటైనా పండితులు రాతలోకి రానివ్వకపోతే మనకు ఆధారం మిగలదు. నా దృష్టిలో మీ ప్రశ్నకు అసలు సమాధానం ఇదే.

రెండో జవాబు:

పుట్టుక సంగతి అలా ఉంచి, ఈ మాట హౌండ్ స్థానాన్ని ఆక్రమించిన తీరు కూడా పిల్లలకు చెప్పదగినది. 14వ శతాబ్దం చివర ఛాసర్ రాసిన ‘కాంటర్‌బరీ కథల’లో ఒక సన్న్యాసిని ముద్దుగా పెంచుకొనే చిన్న కుక్కలను కవి హౌండ్లనే పిలిచాడు. సుమారు 200 ఏళ్ల తరువాత, షేక్‌స్పియర్ ‘మాక్బెత్’లో హౌండ్లు, గ్రేహౌండ్లు, స్పానియళ్లు మొదలైన రకాలన్నిటినీ వరుసగా చెప్పి, వీటన్నిటినీ డాగ్ అనే ఒకే పేరుతో పిలుస్తారని కథానాయకుడైన మాక్బెత్ రాజు చేత అనిపించాడు. అంటే ఈలోగా హౌండ్ కుటుంబం పేరుగా ఉన్నది కాస్తా కుటుంబంలో ఒక సభ్యుడి పేరుగా, వేటకుక్కగా, కుదించుకుపోయింది. మన వార్తాపత్రికలు వీధిలో తిరిగేదానిని కుక్క అని, పోలీసుల వెంట వచ్చేదానిని జాగిలం అని రాయడాన్ని గుర్తు చేస్తే పిల్లలకు ఈ తేడా సులువుగా అందుతుంది.

మూడో జవాబు:

నాదొక సందేహం. మన ‘తోక’కూ ‘డాగ్’కూ ధ్వనిలో పోలిక ఉంది కదా, తోక ఆడించే జంతువు అనే అర్థంలో ఆ మాట మన వైపు నుంచే వెళ్లి ఉండవచ్చా?

మొదటి జవాబు రాసినవారు:

అలా అనిపించడం సహజమే, కానీ 11వ శతాబ్దపు ఇంగ్లండుకు తెలుగు మాట చేరే దారి ఏదీ కనిపించదు. పోలిక ఎంత మోసం చేయగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది. ఆస్ట్రేలియాలోని ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో మ్బాబరమ్ అనే ఆదివాసీ భాష ఉండేది. ఆ భాష తెలిసిన చివరివారిలో ఒకరైన ఆల్బర్ట్ బెనెట్‌ను ఆర్. ఎం. డబ్ల్యు. డిక్సన్ అనే భాషాశాస్త్రవేత్త కుక్కను ఏమంటారని అడిగితే, ‘డోగ్’ అనే మాటే వచ్చింది. అది ఆంగ్లం నుంచి వచ్చిన అరువు కాదు. పొరుగు భాష యిడిన్‌లో కుక్కను ‘గుదగ’ అంటారు. అలాంటి పాత రూపంలో మొదటి అక్షరమూ చివరి అచ్చూ రాలిపోయి, మధ్య అచ్చు మారి, అది డోగ్‌గా మిగిలింది. ఉచ్చారణలోనూ అర్థంలోనూ దాదాపు ఒక్కటైన మాటలే చుట్టాలు కానప్పుడు, తోకతో చుట్టరికం కలపడానికి మరింత గట్టి ఆధారం కావాలి.

నాలుగో జవాబు:

ఊహలలో నాకు నమ్మదగినదిగా కనిపించేది ఒకటుంది. పాత ఆంగ్లంలో కప్పకు ‘ఫ్రొక్స్’ అనే మాటతోపాటు ‘ఫ్రొగ్గ’ అనే వాడుక రూపం కూడా ఉండేది. నేటి ‘ఫ్రాగ్’ దానినుంచే వచ్చింది. ‘పిగ్’, ‘హాగ్’, ‘స్టాగ్’ అనే జంతువుల పేర్లలోనూ ఇదే గకారపు ముగింపు వినిపిస్తుంది. మనం పేర్లను కుదించి ముద్దుగా పిలిచేటప్పుడు ద్విత్వం చేసినట్లే, వారూ చేసి ఉండాలి. నలుపు తిరిగిన రంగుకు పాత ఆంగ్లంలో ‘డొక్స్’ అనేవారు. ఫ్రొక్స్ నుంచి ఫ్రొగ్గ వచ్చినట్లే డొక్స్ నుంచి డొగ్గ వచ్చి ఉంటుందని, అంటే అది మొదట నల్లకుక్కకు పెట్టిన ముద్దుపేరు అయి ఉండవచ్చునని, పోలండ్ భాషావేత్త ప్యోతర్ గొన్షొరొఫ్‌స్కీ 2006లో ప్రతిపాదించారు. ఇది నిరూపితమైన విషయం కాదు కాబట్టి తరగతిలో ప్రతిపాదనగానే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం నల్లబల్ల మీద ఫ్రొక్స్, ఫ్రొగ్గ, డొక్స్ అని మూడు మాటలు రాసి, నాలుగో చోటు ఖాళీగా వదిలి, ముందుగా ఆ అమ్మాయినే అడుగుతాను.