మొలక బాగానే వచ్చింది, మూడో ఆకుకి మాడిపోతోంది: వరి ఆకుమడి, ఉప్పు నీళ్లు

డ్రెయిన్‌గట్టు:
అందరికీ నమస్తే. మాది నాగాయలంక వైపు, కాలువ చివరి భూమి. పది సెంట్లలో ఆకుమడి (నారుమడి) పోశాను. మొలక చూస్తే ముచ్చటేసింది, ఎక్కడా ఖాళీ లేదు. పదిహేనో రోజుకి ఆకు కొసలు తెల్లబడి చుట్టుకుపోతున్నాయి. ముదురాకులే ముందు ఎండుతున్నాయి. కాలువ నీళ్లు రాక రెండు తడులు మురుగు కాలువలోంచి ఇంజను పెట్టి తోడాను. మందుల షాపులో తెగులని చెప్పి రెండు డబ్బాలు ఇచ్చారు. 1,100 పోయాయి, మడి మారలేదు. ఇలా ఎవరికైనా అయిందా?

పాలచౌడు_రైతు:
తెగులు కాదు తమ్ముడూ, ఉప్పు. ఎండెక్కాక గట్టు వారన తెల్లగా పొర కడుతోందేమో చూడు. మా పొలం పక్కన రొయ్యల చెరువు తవ్వాక నాకూ ఇదే తంతు. చెరువు గట్టుకి దగ్గరున్న ఆకు ముందు పోయింది, దూరం జరిగేకొద్దీ పచ్చగా ఉంది. తెగులైతే అలా వరసగా ఊట దిగిన మేరకే రాదు.

డ్రెయిన్‌గట్టు:
ఉప్పే అయితే అసలు మొలకే రాకూడదు కదన్నా?

వేరుపిచ్చి:
అందరూ మోసపోయేది అక్కడే. నేను మొక్కల ఫిజియాలజీలో పీజీ చేస్తున్నాను. మొలకెత్తేటప్పుడు వరి ఉప్పుని బాగానే తట్టుకుంటుంది, గింజలో దాచుకున్న తిండి ఉంటుంది కాబట్టి. రెండు మూడు ఆకులు వచ్చేసరికి ఆ తిండి అయిపోతుంది, ఇక వేరు మీదే ఆధారం. దెబ్బ తగిలేది అప్పుడే. పిలకలు వేసేటప్పుడు మళ్లీ ఓర్చుకుంటుంది, పూత దశలో మళ్లీ నాజూకు.

దెబ్బ రెండు రకాలు. మొదటిది నీటి కరువు. మాగాయ ముక్కకి ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది కదా, నీళ్లు ఉప్పు వైపే పోతాయి. మడి నిండా నీళ్లున్నా వేరుకి పీల్చుకోవడం కష్టమవుతుంది. ఉన్న నీరు పోకుండా ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది. దాంతో గాలి లోపలికి రాక తిండి తయారీ తగ్గి, ఎదుగుదల ఆగుతుంది.

రెండోది నిదానంగా వచ్చే విషం. నీటితో పాటు సోడియం ఆకుల్లోకి చేరి పేరుకుంటుంది. ఎక్కువ రోజులు నీరు లాగింది ముదురాకులే కాబట్టి అవే ముందు మాడతాయి. పొటాషియం చేయాల్సిన పనికి సోడియం అడ్డుపడుతుంది. కేరళ పొక్కాలి లాంటి రకాలు ఆకుల్లోకి సోడియం ఎక్కువ చేరకుండా చూసుకుంటాయి. ఆ గుణంలో పెద్ద భాగం ఒకటో క్రోమోజోములో ఉంది, దానికి సాల్టాల్ అని పేరు.

గోదారోడు:
ఇంత కథ ఎందుకండీ, ఎకరానికి టన్ను జిప్సం చల్లేస్తే సరి.

పాలచౌడు_రైతు:
అయ్యా, నేను చల్లి చేతులు కాల్చుకున్నవాణ్ణి. జిప్సం పని చేసేది కారు చౌడుకి. పీహెచ్ 8.5 దాటి, సోడియం మట్టిని పట్టుకుని ఉంటే జిప్సంలోని కాల్షియం దాన్ని తోసేస్తుంది. మాది పాల చౌడు, అంటే పైన తెల్లగా ఉప్పు పేరే నేల. దానికి మంచి నీళ్లు నిలగట్టి తీసేయడమే మందు. మట్టి పరీక్ష చేయించకుండా బస్తాలు దింపుకోవద్దు.

వేరుపిచ్చి:
అదే. ముందు నీళ్లు కొలవండి, ఉప్పు ఎంతుందో చెప్పే చిన్న ఈసీ మీటర్ చాలు. మట్టి ఈసీ 3 (డెసిసీమెన్స్/మీటరు) దాటితేనే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. మడిని మాత్రం ఆరనివ్వకండి. నీరు ఆవిరైతే మిగిలిన తేమలో ఉప్పు ఇంకా చిక్కబడుతుంది.

లంకలక్ష్మి:
మా ఇంట్లో లేతాకు (లేత నారు) ఊడ్చం. నెల దాటిన ఆకు, కుదురుకి నాలుగైదు మొక్కలు. కొన్ని పోయినా కుదురు నిలబడుతుంది. మచిలీపట్నం పరిశోధన స్థానం వాళ్ల ఎంసీఎం 100 వరి రకం కూడా చౌడు కోసం తెచ్చిందే. ఊడ్పుకి ముందు జీలుగ పచ్చిరొట్ట కలియదున్నుతాం. కూలీలు మాత్రం ముదురు నారు పీకాలంటే విసుక్కుంటారు!

డ్రెయిన్‌గట్టు:
వారం తర్వాత రాస్తున్నా. మీటర్ అరువు తెచ్చి చూస్తే డ్రెయిన్ నీళ్లు 6.8, ఊరి చెరువు నీళ్లు 0.9. చెరువు నీళ్లు పెట్టి, ఒక రోజు నిలిపి, తీసేసి, ఇలా మూడుసార్లు చేశాను. బతికినవాటికి కొత్తాకు పచ్చగా వస్తోంది. పల్లంగా ఉన్న మూల మాత్రం పూర్తిగా పోయింది, ఆ మేరకు ఆకు కొనాలి. లక్ష్మి గారూ, మీ దగ్గర మిగులు ఉంటుందా?

లంకలక్ష్మి:
ఒక మూడు సెంట్ల ఆకు ఉండొచ్చు. మా ఊడ్పయ్యాక చెబుతాను, ట్రాక్టరు మీరే తెచ్చుకోవాలి.