మూడోసారీ విరిగిపోనాది – ఇంట్లో లోషన్ ఎందుకు కట్టట్లేదు?

నాగావళి:
రాత్రి ఎనిమిదికి కూర్చున్నాను, ఇప్పుడు పన్నెండున్నర. మూడు వాయిలూ పోయాయి. కొబ్బరినూనెలో మైనం కరిగించి, రోజ్ వాటర్ పోసి కవ్వంతో చిలికాను. ముందు తెల్లగా, చిక్కగా బాగానే కనబడతాది. అరగంట గడిస్తే కింద నీళ్లు, పైన నూనె, మధ్యలో రవ్వలాగ మైనం. వీడియోలో చెప్పినట్టే చేసీసాను. ఏటి తప్పు? తెలిసినవాళ్లు చెప్పండి, పొద్దున్నకి కావాలి.

వంశధార:
ఏ మైనం?

నాగావళి:
మైనమేనండి. తెల్లగా బిళ్లల్లా అమ్ముతారు కదా, అది.

వంశధార:
అది కొవ్వొత్తి మైనం, పారాఫిన్. నూనెనీ నీళ్లనీ కలిపే గుణం దానికి లేదు. ఎంత చిలికినా విడిపోతాది.

గానుగ:
అసలు కొబ్బరినూనె ఎందుకండీ? అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడతాది. పుష్యమాసం చలికి సాలూరు, పార్వతీపురం వైపు సీసాలో ముద్దవుతాది, ఎండాకాలం నీళ్లలా కారుతాది. గానుగ నువ్వుల నూనెకి ఆ బాధ లేదు. వాసన ఎక్కువనిపిస్తే సగం నువ్వులది, సగం కొబ్బరిది వెయ్యండి. ఆవనూనె మాత్రం వద్దు, చర్మాన్ని మంటపుట్టిస్తాది. పసిపిల్లలకి అసలే రాయకూడదు.

ఉద్దానం:
మా వైపు జీడి దొరుకుతాది. జీడి నూనె వెయ్యొచ్చా?

గానుగ:
ఏ నూనె అన్నది ముందు తేల్చుకోండి. పప్పు నుంచి తీసింది వేరు. పిక్క తొక్కలో ఉండేది వేరు, అది తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతాది. పిక్కలు కొట్టేవాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తాది. డబ్బా మీద సరిగ్గా రాసి లేకపోతే ముట్టుకోవద్దు.

వేగావతి:
నూనె సంగతి తరవాత. నాగావళి గారూ, రోజ్ వాటర్ వేడి చేసి పోశారా, చల్లగానే పోశారా?

నాగావళి:
చల్లగానే. ఫ్రిజ్‌లోంచి తీసి పోశాను. వేడి చెయ్యాలా?

వేగావతి:
ఆ రవ్వ అందుకే పడింది. తేనెమైనమే 62–64 డిగ్రీలకి గాని కరగదు. కరిగిన మైనం మీద చల్లనీళ్లు పడితే ఎక్కడిదక్కడ గడ్డకట్టేస్తుంది. నూనె గిన్నె, నీళ్ల గిన్నె రెండూ 70–75 డిగ్రీల దగ్గరే ఉండాలి.

200 గ్రాములకి కొలత ఇది: నీళ్లు 150, నూనె 30, ఎమల్సిఫయింగ్ వ్యాక్స్ (నూనెనీ నీళ్లనీ పట్టి ఉంచే మైనం) 12, గ్లిజరిన్ 6, ప్రిజర్వేటివ్ (సూక్ష్మజీవులు, బూజు పట్టకుండా ఆపేది) 2. చెంచాల లెక్క పనికిరాదు, గ్రాములో పదో వంతు చూపించే చిన్న కాటా ఉండాలి. నీళ్లు, గ్లిజరిన్ ఒక గిన్నెలో, నూనె, వ్యాక్స్ ఇంకో గిన్నెలో పెట్టి, రెండింటినీ మరిగే నీళ్ల గిన్నెలో దించండి. గ్లిజరిన్ కలిపిన నీళ్ల గిన్నె మీద మూత పెట్టి 20 నిమిషాలు ఉంచి మళ్లీ తూచండి. ఆవిరైనంత వేడినీళ్లు కలపకపోతే లోషన్ కాస్తా ముద్దయిపోతుంది. తరవాత ఒకదాంట్లో ఒకటి పోసి రెండు నిమిషాలు ఆపకుండా చిలకాలి. చల్లారేదాకా మధ్యమధ్యలో కలుపుతూ ఉండాలి. మిక్సీ జార్‌లో వేస్తే గాలి పట్టి నురగొస్తుంది. కవ్వమే మేలు. 40 డిగ్రీలకి దిగాక ప్రిజర్వేటివ్. ఫినాక్సీఇథనాల్ రకమైతే మొత్తంలో 1 శాతం దాటకూడదు.

ఉద్దానం:
అంత ఎందుకండీ. తేనెమైనం వేస్తే అదే కలుస్తాది. సంతల్లో చవగ్గా దొరుకుతాది.

వంశధార:
కలవదు. వెలిగారం కావాలి.

వేగావతి:
నిజం. తేనెమైనంలో ఉండే ఆమ్లం వెలిగారంతో కలిసి సబ్బవుతుంది. నూనెనీ నీళ్లనీ పట్టి ఉంచేది ఆ సబ్బే. 100 గ్రాములకి తేనెమైనం 15, నూనె 50, వేడినీళ్లు 34, అందులో కరిగించిన వెలిగారం 1. తెగిన చోట, పుండు మీద, మూడేళ్ల లోపు పిల్లలకి రాయొద్దు.

ఉద్దానం:
వెలిగారం అంటే పటికే కదా?

వంశధార:
కాదు. వెలిగారం బోరాక్స్. పటికకి ఆమ్ల గుణం ఉంది, వేస్తే ఆ సబ్బు విరిగిపోతాది. కొట్లో పేరు చెప్పి, చూసి తీసుకోండి.

గానుగ:
ఇంకోమాట. ఆ వెలిగారం కొలతతో వచ్చేది లోషన్ కాదు, కోల్డ్ క్రీమ్. లోషన్ అంటే సీసా వంచితే జారాలి. అసలు నీళ్లు లేకుండా నాలుగు పాళ్లు నూనె, ఒక పాలు తేనెమైనం కరిగిస్తే లేపనం అవుతాది. నీళ్లు లేవు కాబట్టి బూజు పట్టదు, ప్రిజర్వేటివ్ ఖర్చూ ఉండదు. తడి వేళ్లు పెట్టకుండా ఉంటే చాలు. మడమల పగుళ్లకి లోషన్ కంటే అదే మేలు.

ఉద్దానం:
లేపనం అంటే ఆయుర్వేదంలో వేరే అర్థం...

వేగావతి:
పేరు ఏదైనా సరే, సీసా మీద నీళ్లున్నాయో లేవో రాసుకోండి. నీళ్లుంటే ప్రిజర్వేటివ్ తప్పదు. విటమిన్ ఈ క్యాప్సూల్ ఆ పని చెయ్యదు. నూనె ముక్కిపోయిన వాసన రాకుండా కొంత కాపాడుతుంది, అంతే.

నాగావళి:
నేను ఈ క్యాప్సూల్ రెండు వేసీసాను మరి. పెరట్లో కలబంద గుజ్జు, అర నిమ్మకాయ కూడా వేశాను. అవి చెప్పడం మరిచిపోయాను. విరిగిపోయిందాన్ని మళ్లీ వేడి చేసి బాగుచెయ్యొచ్చా?

వేగావతి:
వద్దు, పారబోసెయ్యండి. తాజా గుజ్జులో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి, అందులో ప్రిజర్వేటివ్ కూడా లేదు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి మచ్చలు పడతాయి. ఇంకోటి, నీళ్లు ఏవి తీసుకుంటారు? బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే వెలిగారం రకం సరిగ్గా కట్టదు. అందుకే డిస్టిల్డ్ వాటర్ మేలు. దానికోసం బ్యాటరీ షాపుకి వెళ్తే జాగ్రత్త, అక్కడ యాసిడ్ క్యాన్లు కూడా ఉంటాయి.

నాగావళి:
సరే, పారబోసీసాను. తేనెమైనం తేవాలి. థేంక్సండి.

గానుగ:
నువ్వుల నూనెతో చేస్తే ఎలా వచ్చిందో రాయండి. చలికాలం కదా, సీసా ఒక రాత్రి బయట పెట్టి చూడండి.