స్టేజి మీద మైమ్ చేసేటోళ్లు హారర్ సినిమాకు పనికొస్తరా?

తిప్పర్తి పోరడు:
అన్నలూ, నేను నల్గొండల కాలేజీ కాన్నుంచి మైమ్ (మాటల్లేకుంట ఒంటితోటి చేసే మూకాభినయం) చేస్తున్న. ఇప్పుడు దోస్తులు దేవరకొండ కాడ పాతింట్ల హారర్ షార్ట్ ఫిల్మ్ తీస్తుండ్రు, నన్ను దయ్యం వెయ్యమంటుండ్రు, డైలాగ్ లేదు గద నీకు ఈజీనే అనుకుంట. ఇట్ల ఎవరన్న చేసిండ్రా అని ఎతికితే 1974ల వచ్చిన ‘షాంక్స్’ దొరికింది, ఫ్రాన్స్ మైమ్ ఆర్టిస్టు మార్సెల్ మార్సోది. సగం మస్తుంది, సగం బోరు. అంత పెద్ద ఆర్టిస్టుకు ఎందుకట్లయింది?

పాలమూరు సిన్మా పిచ్చి:
తమ్మీ, తప్పంత మార్సోది కాదు. డైరెక్టర్ విలియం క్యాజిల్, థియేటర్ల సీట్ల కింద మోటర్లు వెట్టి జనాన్ని వణికిచ్చినాయన, ఆయన డైరెక్ట్ చేసిన ఆఖరు సినిమా ఇది. మార్సోకు రెండు వేషాలు, చెవిటి మూగ బొమ్మలాటాయన ఒకటి, ముసలి సైంటిస్టు ఒకటి. సచ్చినోళ్లను కరెంటుతోటి నడిపించే దాంక బాగనే వోతది గని బైకుల గ్యాంగ్ దిగంగనే కథ ఏడికో వోతది. అలెక్స్ నార్త్ మ్యూజిక్‌కు మాత్రం ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

సాగర్ కట్ట:
నా లెక్కల అండ్ల అసలు మైమ్ శవాలదే. సచ్చి శవాలయ్యే బొమ్మలాటాయన అక్క, బావ వేషాలేసిన సిల్లా షెల్టన్, ఫిలిప్ క్లే నడక సూడు, కాలు ఒక దిక్కు వోతే నడుము ఇంకో దిక్కు. మార్సో మొకం క్లోజప్‌ల ఎక్కువైతది. ఆఖరు వరసోనికి కనవడాలని కనుబొమ్మలెత్తే అలవాటు, 1947 నుంచి స్టేజి మీద బిప్ అనే జోకర్ వేషం కట్టినాయనకు యాడికి వోతది? నీకు లేని గోడను ఉన్నట్టు సూపే గోడ ఐటం వచ్చు గద, చేతులు ఒక్కకాడ ఆపి ఒళ్లు కదిలిస్తవు. దయ్యానికి తల ఆపు, తలకాయ గాలిల మేకు కొట్టినట్టుండాలె, కిందంత కదలాలె. మొకం ఖాళీగ వెట్టు, ఫుల్ షాట్ తియ్యమను.

పాలమూరు సిన్మా పిచ్చి:
ఎక్కువైతది అంటే ఒప్పుకోనన్న, ముసలాయన వేషంల మార్సోనే అని పట్టుడు కష్టం. కామెడీల ఐతే ఇంకా మంచిగ వాడుకున్నరు, 1976ల మెల్ బ్రూక్స్ ‘సైలెంట్ మూవీ’ల అందరు మూగగుంటే మాట పలికేది ఈయనొక్కడే, అదీ ఒక్క ‘నాన్’, ఫ్రెంచ్‌ల ‘కాదు’ అని. డైలాగ్ లేదు గద ఈజీ అన్న నీ దోస్తుకు చిందు భాగోతపోళ్లను సూపియ్యి, పాట, మాట ఉన్నా ఒంటితోటి గూడ కథ నడుపుతరు, అప్పుడు తెలుస్తది.

తిప్పర్తి పోరడు:
తల ఆపుడు అద్దం ముందట చేసి సూసిన, మెడ గుంజుతుంది గని అమ్మ ఐతే జడుసుకుంది. ఫుల్ షాట్‌కు రూమ్‌ల జాగ లేదంటుండు కెమెరా పోరడు, వరండాల తీద్దామంటున్న.