మరియమ్మను ‘మీరు’ అనడమేమిటి?

ప్రశ్న: మా వీధి చివర ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) చర్చి ఉంది. అక్టోబరు వచ్చిందంటే సాయంత్రం మైకులో జపమాల వినబడుతుంది. “ఏలినవారు మీతో ఉన్నారు, స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు మీరే” అంటారు. మా ఇంట్లో ఉన్న బైబిల్లో అదే ఘట్టం (లూకా 1:28) చూస్తే “ప్రభువు నీకు తోడైయున్నాడు” అని ఉంది. ఒకే దేవదూత ఒకచోట నీవు, ఇంకోచోట మీరు అన్నాడా? ఈ ఏలినవారు ఎవరండీ?

జవాబు: మీరు విన్నది మంగళవార్త జపమండీ. పుట్టి బుద్ధెరిగాక మేము నేర్చే మొదటి జపాల్లో అదొకటి. మొదటి సగం లూకా సువార్తలోదే. గాబ్రియేలు దూత పలకరింపు, ఆపైన ఎలిసబెతమ్మ అన్న మాట (1:42). “పరిశుద్ధ మరియమ్మా, సర్వేశ్వరుని మాతా” నుంచి శ్రీసభ (కతోలిక సంఘం) కలిపిన విన్నపం. 1568లో ఐదో పయస్ పోపు వెలువరించిన ప్రార్థన గ్రంథంతో అది ఇప్పటి రూపంలో స్థిరపడింది.

ఏలినవారు అంటే ప్రభువే. దివాణాల్లో “ఏలినవారు సెలవిస్తే మనవి చేసుకుంటాను” అనేవారు చూడండి, ఆ మాటే. లాటిన్‌లో ‘దోమినుస్ తేకుం’ అని రెండే ముక్కలు. తేకుం అంటే ‘నీతో’. లాటిన్‌కు గానీ, లూకా రాసిన గ్రీకుకు గానీ ఒక్కరినే ‘మీరు’ అని మన్నించే పద్ధతి అప్పట్లో లేదు. కాబట్టి దూత ఏమీ మాట మార్చలేదు. మర్యాద తెలుగు చేసినవాళ్లది. అదీ ఒక్క మరియమ్మ దగ్గర ఆగలేదు. పరలోక జపంలో తండ్రికీ అంతే: “మీ నామము పూజింపబడును గాక”, ఇవ్వండి, మన్నించండి, రక్షించండి. ప్రొటెస్టెంటు అనువాదం మూలంలో ఉన్న ఏకవచనాన్ని ఉన్నట్టే ఉంచింది: “నీ నామము పరిశుద్ధపరచబడును గాక”.

ఒక సభ్యుడు: మాస్టారూ, అలాగైతే తెలుగు నుడికారం వాళ్లదే కదా? మనవాళ్లు దేవుణ్ని ఎప్పుడు మీరన్నారు? పోతన గజేంద్రుడు “నీవే తప్ప నితఃపరం బెఱుగ” అన్నాడు. రామదాసైతే “ఎవడబ్బ సొమ్మని” అని నిలదీశాడు. పైగా మా ఇళ్లల్లో నాన్నను మీరంటాం గానీ అమ్మను నువ్వనే అంటాం. అమ్మను మీరంటే పరాయిదాన్ని చేసినట్టుండదూ?

జవాబు: భక్తికవుల మాట నిజమే, కాదనను. కానీ ఈ జపం అమ్మ ఒళ్లో కూర్చుని అడిగే మాట కాదు, కొలువులో నిలబడి చేసుకునే మనవి. ఏలినవారి తల్లి దగ్గర నువ్వు ఎలా నోట వస్తుంది? మొదటి మాట దివాణం నుంచి తెచ్చుకున్నాక వెనకాల క్రియలన్నీ దానికి తగ్గట్టే నడవాలి. ‘ఏలినవారు నీతో ఉన్నాడు’ అని ఒకసారి పైకి అని చూడండి, నోరు తిరగదు.

సర్వేశ్వరుడు అన్న మాటా గమనించదగ్గదే. యథావాక్కుల అన్నమయ్య శివుడి మీద సర్వేశ్వర శతకం చెప్పాడు. అదే మాటను క్రైస్తవులు తమ దేవుడికి వాడుకున్నారు. తమిళ కతోలికులూ పాత జపాల్లో సర్వేసురన్ అనే అంటారు.

ఒక సభ్యురాలు: ఫ్రెంచి చదువుకున్నదాన్ని, ఒక మాట చెప్పనా? అక్కడా ఇదే తగువు నడిచిందండీ. కతోలికులు పరలోక జపంలో తండ్రిని ‘వూ’ (మీరు) అనేవారు, ప్రొటెస్టెంట్లు ‘త్యు’ (నువ్వు) అనేవారు. 1966లో అందరికీ ఉమ్మడి పాఠం వచ్చినప్పుడు కతోలికులూ త్యుకు మారారు. మరియమ్మ జపం మాత్రం ఈనాటికీ వూ మీదే ఉంది. పోర్చుగీసులోనూ ఇద్దరికీ బహువచనమే. స్పానిష్‌లో, ఇటాలియన్‌లో నువ్వే.

18వ శతాబ్దంలో పుదుచ్చేరి వైపు నుంచి తెలుగు సీమకు వచ్చిన జెసూట్ గురువులు (ఒక కతోలిక సన్యాస సభవాళ్లు) చాలావరకు ఫ్రెంచివాళ్లు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ చుట్టరికం ఉందని 1767లో పారిస్‌కు రాసి పంపిన కేర్దూ వాళ్లలో ఒకరు, తెలుగు నిఘంటువు కూడా కూర్చారు. మన ‘మీరు’కు వాళ్ల నోటి అలవాటు తోడైందేమోనని నా ఊహ. ఊహేనండోయ్, రుజువు అడక్కండి.

గుణదల కొండ మీద కొలువైన లూర్దు మాత సంగతీ ఇక్కడ చెప్పాలి. 1858 ఫిబ్రవరి 18న ఫ్రాన్స్‌లోని లూర్దు గుహ దగ్గర, పదిహేను రోజులు ఇక్కడికి రావడానికి దయ చూపుతారా అని మరియమ్మేనని కతోలికులు నమ్మే ఆ దర్శనమూర్తి బెర్నదెత్ అనే పిల్లను ‘మీరు’ అనే అడిగింది, అదీ ఆ ఊరి యాసలో. ఆ పిల్లకు 14 ఏళ్లు, చితికిపోయిన పిండిమిల్లు కుటుంబం. ఊళ్లో ఆమెను అలా పిలిచినవాళ్లు లేరు. తర్వాత ఆమే ఆ సంగతి వింతగా చెప్పుకుంది.

ప్రశ్న అడిగినవారు: బాగుందండీ. మరి అదే మైకులో పాటలు వచ్చినప్పుడు ‘నీవే’ అనే వినబడుతోందే?

జవాబు: పాట కీర్తన బాణీలోది కదండీ, అక్కడ మేమూ పోతన వైపే. జపం అవగానే గాయక బృందం అందుకుంటుంది, ‘మీరు’ కాస్తా ‘నీవు’ అయిపోతుంది. ఎవరూ పట్టించుకోరు.