పారా పవర్‌లిఫ్టింగ్ చేసే తమ్ముడికీ ఇంటిల్లిపాదికీ ఒకే వంట: సలహా కావాలి

మాది విశాఖపట్నం, గాజువాక. చిన్నప్పుడే పోలియో సోకిన మా తమ్ముడు పారా పవర్‌లిఫ్టింగ్ (దివ్యాంగులు బరువులెత్తే ఆట)లో, ఒంటి బరువు 54 కిలోలు దాటనివారి విభాగంలో సాధన చేస్తున్నాడు. ప్రొటీన్ పొడి కొనే స్తోమత లేదు కనుక ఐదుగురికీ వండే కూరలోనే అతనికి మాంసకృత్తులు అందాలి.

మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నం, పప్పు, ఒక గుడ్డు (దానిలో ఉండే మాంసకృత్తులు సుమారు 6 గ్రాములే) తిని, సాయంత్రం ఐదున్నరకు సాధన మొదలుపెడతాడు. ఈ ఆటలో బల్లపై వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లను పట్టీలతో బిగిస్తారు కాబట్టి, కడుపు ఉబ్బరంగా ఉన్న రోజున ఊపిరి బిగపట్టి బార్‌ను ఛాతీ మీదికి దించడమే కష్టమవుతోంది.

ఉలవలను రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, వాము వేసి కుక్కర్‌లో మెత్తగా ఉడికించినా, శనగలను మొలకెత్తించి వండినా ఉబ్బరం తగ్గలేదు. పెసరపప్పు చక్కగా అరుగుతోంది గానీ, రోజూ అదే అయితే పిల్లలు కంచం ముట్టడం లేదు. ఫిషింగ్ హార్బర్‌లో చిన్నచేపలు చౌకే. అయితే అమ్మ నీచు తినదు, రెండు కూరలు వండితే సిలిండర్ నెలాఖరు దాకా రాదు. అన్నం పెంచుదామంటే బరువు 54 కిలోలు దాటుతుంది.

పెసరపప్పు కాకుండా, ఉబ్బరం చేయకుండా, మధ్యాహ్నం ఐదుగురికీ ఒకే గిన్నెలో 150 రూపాయలలోపు వండగలిగే మాంసకృత్తుల శాకాహార వంటకం ఏదో, దాన్ని ఎలా వండాలో చెప్పగలరా?