హార్న్ స్పీకర్లు చెవుల్లో గుచ్చుతున్నాయి, ఆంప్ (ఆంప్లిఫయర్) మారిస్తే తగ్గుతుందా?

పాతపాటలప్రియ:
అందరికీ నమస్కారం. మూడు నెలల కింద సెకండ్‌హ్యాండ్‌లో హార్న్ ట్వీటర్ (సన్నటి సౌండ్‌ని బాకా లాంటి మూతిలోంచి వదిలే భాగం) ఉన్న టవర్ స్పీకర్లు తీసుకున్నా, సెన్సిటివిటీ 98 డిబి, 8 ఓమ్స్. ఇంట్లో ఉన్న ఏవీ రిసీవర్‌కే (టీవీ, సినిమాలకి వాడే ఆంప్) కలిపా. మొదటి వారం అబ్బ ఏం క్లారిటీ అనుకున్నా, మృదంగం మీద వేలు ఎక్కడ పడిందో కూడా తెలిసిపోతోంది, కానీ ఇప్పుడు అరగంట వింటే చాలు తల బరువెక్కుతోంది, సుశీల గారి పాటల్లో స, శ వచ్చినప్పుడల్లా చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టుంది, వయొలిన్ సంగతి అయితే చెప్పక్కర్లేదు. హాలు 14 బై 12, కింద టైల్స్, ఒక పక్కంతా గ్లాస్ స్లైడింగ్ డోర్. షాపాయన ట్యూబ్ ఆంప్ (గాజు వాల్వ్‌లతో పనిచేసేది) పెట్టండి సార్ మెత్తబడుతుంది అంటాడు, ఫ్రెండేమో 200 వాట్స్ లేకపోతే స్పీకర్ కంట్రోల్‌లో ఉండదంటాడు. 70 వేలు దాటి పెట్టలేను. ఎవరి మాట వినాలి?

గోదారిగట్టు:
200 వాట్స్ మాట మర్చిపోండి అన్నా. 98 డిబి అంటే ఒక్క వాట్ ఇస్తే మీటర్ దూరంలో వచ్చే సౌండ్, 86 డిబి చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్‌తో అంత సౌండ్ రావాలంటే దాదాపు 16 వాట్స్ కావాలి. మీ హాల్లో మామూలుగా వింటే చాలాసేపు ఒక వాట్ కూడా ఖర్చవదు. 1946లో పాల్ క్లిప్ష్ ఆర్కన్సాలో హార్న్ స్పీకర్ల కంపెనీ పెట్టినప్పుడు ఇళ్ళల్లో ఉన్నవి చిన్న వాల్వ్ ఆంప్‌లే కదా, వాటితోనే ఇల్లు నిండిపోయేది. అందుకే ఆ మొదటి వాట్ ఎంత శుభ్రంగా వస్తుందో చూసుకోండి. సరిగ్గా చెయ్యని క్లాస్ ఏబీ ఆంప్‌లో (సిగ్నల్ పై సగం ఒక భాగం, కింది సగం ఇంకో భాగం మోసేది) సిగ్నల్ సున్నా దాటే చోట క్రాస్ఓవర్ డిస్టార్షన్, అంటే ఆ అతుకు దగ్గర సౌండ్ చెడటం, ఉంటుంది, తక్కువ సౌండ్‌లో అదే ఎక్కువ తెలుస్తుంది, హార్న్ దాన్ని అస్సలు దాచదు. అమెరికా ఆంప్ డిజైనర్ నెల్సన్ పాస్ చిన్న చిన్న ఆంప్‌లు చేస్తూ తన కంపెనీకి ఫస్ట్ వాట్ అనే పేరు పెట్టింది ఊరికే కాదు.

ఈఎల్34:
నేను నాలుగేళ్ళుగా 300బి ట్యూబ్‌తో చేసిన సింగిల్ ఎండెడ్ ఆంప్ (సిగ్నల్ మొత్తాన్ని ఒకే ట్యూబ్ మోసేది) వాడుతున్నా, ఛానల్‌కి 8 వాట్స్, నా హార్న్‌లకి చాలు. గాత్రం వింటుంటే పక్క గదిలోంచి మా అమ్మ కూడా వచ్చి కూర్చుంటుంది. అయినా చెప్తున్నా, గుచ్చడానికి మందు అనుకుని మాత్రం ట్యూబ్ కొనకండి. ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌ని ఇన్‌పుట్‌తో పోల్చి తప్పు సరిచేసే ఏర్పాటు) లేని ట్యూబ్ ఆంప్‌కి ఔట్‌పుట్ ఇంపీడెన్స్ (కరెంట్‌కి లోపలి అడ్డు) ఎక్కువ, దాంతో స్పీకర్ ఇంపీడెన్స్ ఎక్కడ లేస్తే సౌండ్ కూడా అక్కడ లేస్తుంది, మీ స్పీకర్‌కి ఆ లేచే చోటు 2, 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఉందనుకోండి ఇప్పటికంటే ఇంకా గుచ్చుతుంది. ఇంకోటి, మామూలు స్పీకర్‌లో వినపడని హిస్, హమ్ 98 డిబి దాంట్లో సోఫా దాకా వస్తాయి. ఏ ఆంప్ అయినా సరే, కొనేముందు పాట ఆపేసి హార్న్ దగ్గర చెవి పెట్టి వినండి. ఇంటికి తీసుకెళ్ళి వినడానికి ఒప్పుకుంటేనే డబ్బులు కట్టండి.

బెజవాడ_హైఫై:
నా ఓటు గదికి. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్లు కొట్టండి, టిర్ర్‌మని మోగిందంటే సగం తప్పు టైల్స్‌ది, గ్లాస్‌ది. సోఫాకి స్పీకర్లకి మధ్య మందపాటి జంపఖానా, గ్లాస్‌కి బరువైన కర్టెన్. హార్న్ మీ మొహంలోకి చూస్తుంటే కొంచెం బయటికి తిప్పండి, భుజం పక్కనుంచి పోవాలి. అప్పటికీ ఉంటే రిసీవర్‌లో ట్రెబుల్ 2 డిబి తగ్గించండి, టోన్ కంట్రోల్ ముట్టుకుంటే పాపం అన్నట్టు చాలామంది మాట్లాడతారు గానీ అది పెట్టిందే ఇందుకు.

పాతపాటలప్రియ:
చాలా థాంక్స్ అండి. చప్పట్లు కొడితే నిజంగానే మోగింది. అత్తగారింటి నుంచి పాత జంపఖానా తెచ్చి పరిచా, స్పీకర్లు కాస్త బయటికి తిప్పా, నిన్న రాత్రి రెండు గంటలు విన్నా తలనొప్పి రాలేదు. స, శ ఇంకా కొంచెం ఉంది, ట్రెబుల్ 2 తగ్గిస్తే పోతోంది గానీ తాళాల మెరుపు కూడా కొద్దిగా పోతోంది. కర్టెన్ కుట్టడానికి ఇచ్చా. ఆదివారం మా బావ క్లాస్ ఏ ఆంప్ (ఆ సున్నా దాటే చోట అతుకు లేనిది) తెస్తానన్నాడు, ఫోన్‌లో సౌండ్ మీటర్ పెట్టి రెండిటి వాల్యూమ్ సమానం చేసి అవే పాటలు వింటా, ఏది ఎలా ఉందో ఇక్కడే రాస్తా.